అద్దం అతికించిన ఉదయం

మావారికి మాట పోయిన తొమ్మిదో నెలలో మా కారు అద్దం ఊడిపడింది. డ్రైవరు మెడ తిప్పకుండా వెనక ఏం వస్తోందో చూసుకోవడానికి ముందు గాజుకి లోపలివైపు ఉంటుందే, ఆ చిన్న అద్దం. పుష్కరాలకి ముందు వచ్చిన వేసవి అది. పదిగంటలకే రోడ్డు మీద తారు మెత్తబడిపోయేది.

ఆయన కొవ్వూరులో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. నేను దగ్గర్లోనే ఓ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మాకు పిల్లల్లేరు. సాయంత్రం ఇద్దరం ఇంటికి చేరాక వీధి వరండాలో కుర్చీలు వేసుకుని మాట్లాడుకునేవాళ్ళం. మాట్లాడుకునేవాళ్ళం అంటున్నాను గానీ మాట్లాడింది ఆయనే. కాఫీ డికాషన్ ఎందుకు చేదెక్కుతుంది, ఇత్తడి చెంబుకి చింతపండు ఏం చేస్తుంది, ఇలాంటివి. నేను ఊఁ కొట్టేదాన్ని, మధ్యలో పేపరు కరెక్షన్ చేసుకునేదాన్ని. ఒక్కోసారి "ఇంక ఆపండి బాబూ" అని విసుక్కున్నాను కూడా. ఆ విసుగు తర్వాత చాలాకాలం నన్ను నిద్రపోనివ్వలేదు.

సెప్టెంబరులో ఓ పొద్దున ఆయన గడ్డం గీసుకుంటూ రేజరు జారవిడిచారు. చప్పుడు విని వెళ్ళాను. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. నావంక చూసి "అదే" అన్నారు.

"ఏంటండీ?"

"అదే... అదే..."

నోరు ఓ పక్కకి జారుతోంది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాక కాలు కొద్దిగా స్వాధీనంలోకి వచ్చింది గానీ మోకాలు మడత పడేది కాదు. మాట మాత్రం రాలేదు. ఆ పొద్దున పట్టుకున్న ఒక్క "అదే" మిగిలింది. మంచినీళ్ళకీ అదే, కోపానికీ అదే, గుమ్మంలోకి ఎవరైనా వస్తే పలకరింపూ అదే. అంతా అర్థమవుతుందాయనకి. పేపరు ఇస్తే హెడ్డింగులు చూస్తారు, నేనేదైనా తప్పు చెబితే తల అడ్డంగా ఊపుతారు. చెప్పడం ఒక్కటే రాదు. ఎడమచేత్తో రాయమంటే మూడు గీతలు గీసి పెన్ను విసిరికొట్టేవారు.

వారానికి మూడుసార్లు గోదావరి దాటి రాజమండ్రి ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. అంతకుముందు ఏడాదే సరదాపడి ఓ సెకండ్ హ్యాండ్ కారు కొన్నారాయన. తెల్ల రంగుది, చిన్నది. మొదట్లో ఓ డ్రైవర్ని పెట్టుకున్నాం. మంచివాడే గానీ ఆయనతో మాట్లాడేటప్పుడు చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచేవాడు. "మాస్టారూ! కాలు! లోపలికి! పెట్టండి!" అని అరిచేవాడు. ఆయన ముఖం కిటికీ వైపు తిప్పేసుకునేవారు. ఓ రోజు నా ముందే, "మాస్టారికి బుర్ర బానే పనిచేస్తోందా అండి?" అని అడిగాడు. ఆయన వింటూనే ఉన్నారు. ఇంటికొచ్చాక అతన్ని మాన్పించేశాను. మర్నాడు డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నాకప్పటికి నలభై నాలుగేళ్ళు. సైకిలు కూడా తొక్కి ఎరగను.

నేర్పిన మాస్టారు పెద్దాయన, లారీలు నడిపి నడిపి రిటైరైన మనిషి. "టీచరుగారూ, బండి ముందుకెళ్తుంది గానీ ప్రమాదం వెనకనించి వస్తుందండి. అద్దంలో రోడ్డు కనపడాలి. మీ ముఖం కాదు, మీ వారి ముఖం కాదు, రోడ్డు" అని రోజూ చెప్పేవారు. లైసెన్సు వచ్చిన మొదటి రోజే ఆ మాట గట్టున పెట్టి, అద్దాన్ని మావారి ముఖం వైపు తిప్పాను.

ఏం చెయ్యను మరి? ఆయన మోకాలు మడవలేరు కాబట్టి వెనక సీట్లో ఎడమ తలుపుకి దిండు ఆనించి, దానికి వీపు చేర్చి, కుడి కాలు సీటు పొడుగునా చాపుకుని కూర్చునేవారు. వెనకనించి "అదే" అని వినపడితే అది ఏ అదేనో నాకు తెలియాలి. అద్దంలోకి చూస్తే తెలిసేది. కనుబొమలు పైకెత్తితే దాహం. పెదవి కొరికితే నొప్పి. ఎడమచెయ్యి గాల్లో చిన్నగా ఊపితే నెమ్మదిగా పోనివ్వమని. నాకు గేరు సరిగ్గా పడక బండి గిర్రుమన్నప్పుడు ఓసారి నవ్వారు కూడా. ఆసుపత్రినించి వచ్చాక మొదటి నవ్వు అది. ఆ అద్దంలోనే చూశాను.

ఊడిన రోజు మేం వంతెన మీద ఉన్నాం. కింద రైలు, పైన రోడ్డు వెళ్ళే వంతెన. దాని అతుకులు దాటుతున్నప్పుడల్లా బండి ఎగిరెగిరి పడుతుంది. సగం దాటామో లేదో టప్పుమని అద్దం ఊడి, గేరు రాడ్డుకి తగిలి నా కాళ్ళ దగ్గర పడింది. బ్రేకు కిందకి దొర్లుతుందేమోనన్న భయంతో గట్టిగా బ్రేకు తొక్కేశాను. వెనక లారీవాడు హారను మోత మోగించాడు. ఆ వంతెన మీద బండి ఆపడానికి వీల్లేదు. పక్కకి తీసే చోటు లేదు. అద్దాన్ని చెప్పుతో పక్కకి నెట్టి మళ్ళీ కదిలాను.

వెనకనించి "అదే! అదే! అదే!" అని మొదలుపెట్టారు.

"ఏం కాలేదండీ, అద్దం ఊడింది. అంతే."

"అదే! అదే!"

"అద్దమే కదండీ, పోతే పోయింది. కంగారు పడకండి."

ఆయన ఆపలేదు. గొంతు మారుతోంది. నాకేమో వెనక లారీ, ఎదర బస్సు. "కాస్సేపు ఊరుకుంటారా! నన్ను బండి నడపనిస్తారా లేదా!" అని అరిచాను. ఆయన ఊరుకున్నారు. వంతెన దిగేదాకా ఇంక మాట లేదు.

దిగగానే పక్కకి ఆపి వెనక్కి తిరిగాను. సీటు మీద ఆయన లేరు. నేను బ్రేకు వేసినప్పుడు ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్యనున్న సందులోకి జారిపోయారు. మెడ తలుపుకి నొక్కుకుపోయి ఉంది. మడవరాని కాలు మెలిపడి సీటు మీదే ఉండిపోయింది. చెమటతో చొక్కా అంతా తడిసిపోయింది. నేను ఊరుకోమన్నాక ఊరుకుని, అలాగే పళ్ళు బిగించుకుని సగం వంతెన వచ్చారన్నమాట.

రోడ్డుపక్క మామిడిపళ్ళు అమ్ముకుంటున్న ఇద్దరు మగవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆయన్ని లేపి కూర్చోబెట్టారు. "ఎంతసేపటినుంచి ఇలా ఉన్నారమ్మా?" అని అడిగాడు ఒకాయన. మావారి ముఖంలోకి చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయనే ఎడమచెయ్యి చాచి నా భుజం మీద రెండుసార్లు తట్టారు.

"నన్ను కొట్టండి, కనీసం కోప్పడండి" అన్నాను.

"అదే" అన్నారు మెల్లగా. అది ఏ అదేనో నాకు అర్థం కాలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి కాలు చూసి, బెణికింది అంతేనండి, విరగలేదు అంది. అక్కణ్ణించి తిన్నగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. మా కారు అద్దానికి వెనక ఓ కాడ ఉంది. ఆ కాడ ఓ చిన్న ఇనుప బిళ్ళకి తగులుకుంటుంది. ఆ బిళ్ళ గాజుకి అతికి ఉండాలి. ఆ అతుకే వదిలిపోయింది. మెకానిక్ బిళ్ళకి రెండు చుక్కలు గమ్ము వేసి, గాజుకి అదిమి, అద్దం తగిలించేశాడు. "ఎండకి మళ్ళీ ఊడుద్దేమోనండి. నా పూచీ లేదు" అని ముందే చెప్పాడు. నిజాయితీ గల మనిషి. మర్నాడు మధ్యాహ్నం ఇంటి ముందు నిలబెట్టిన కారులో అదంతట అదే ఊడి సీట్లో పడి ఉంది.

రెండోసారి నేనే అతికించాను. కుళాయి గొట్టాలకి పెట్టే సీల్ ముద్ద ఉంటుంది కదా, రెండు ముద్దలు కలిపి పిసికి పెట్టేది, అది మెత్తాను. గాజు మీద అసహ్యంగా పిడకలా కనిపించింది గానీ మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు ఫిజియోథెరపీకి బయల్దేరబోతుంటే చేతిలోకొచ్చేసింది. ఆ రోజు వెళ్ళలేదు. ఆయన్ని వెనక కూర్చోబెట్టి, చూడకుండా ఆ వంతెన ఎక్కడం నావల్ల కాలేదు. తర్వాతి వారమంతా వెళ్ళలేదు. ఫోను చేసి జ్వరమని అబద్ధం చెప్పాను.

ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టచ్చు కదా అన్నారు ఇరుగుపొరుగు. ఆ చిన్న కారులో ముందు సీటు ఎంత వెనక్కి జరిపినా ఆయన కాలు పట్టదు. అదీ చూశాం.

శనివారం నేనొక్కదాన్నే బస్సులో రాజమండ్రి వెళ్ళి స్పేర్ పార్ట్స్ షాపుల్లో వాకబు చేశాను. నాలుగో షాపాయన, "ఇందుకని విడిగా వస్తుందండి, తెలీక అందరూ ఏదో గమ్ము పెట్టేస్తారు" అంటూ ఓ చిన్న అట్ట తీసిచ్చాడు. దాని మీద రెండు బుల్లి గొట్టాలు. మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాను. చేరుతూనే, చీర కొంగు దోపుకుని, మండుటెండలో కారు తలుపు తీశాను.

వరండాలోనించి చప్పుడు. మావారు చేతికర్రతో కిటికీ ఊచల మీద కొడుతున్నారు. "అదే! అదే!"

వెళ్ళాను. నా చేతిలోని అట్ట లాక్కున్నారు. తిప్పి, వెనకవైపు సన్నటి అక్షరాలున్నచోట వేలు పెట్టి నాకు చూపించారు. చదవమని. చదివాను. గాజు చల్లగా ఉన్నప్పుడు చెయ్యాలట. ఎండ తగలకూడదట. పాత గమ్ము నలుసు కూడా మిగలకూడదట.

"అయితే ఎప్పుడు చెయ్యమంటారు?"

చెయ్యి తూర్పు వైపు చూపించారు. రేపు పొద్దున్న. ఆ అట్టని తన దిండు కింద పెట్టుకున్నారు, నేనెక్కడ తొందరపడతానో అని.

ఆదివారం తెల్లారుతూనే లేచారు. నేను ఆయన్ని నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్ళి కారు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. అలా కాదని తల ఊపారు. కారులోనే కూర్చుంటానని చెయ్యి చూపించారు, తన వెనక సీట్లోనే. సరే, దిండు పెట్టి కూర్చోబెట్టాను. ఇనుప బిళ్ళ చేతికిచ్చాను. దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలి గోటితో గీరి, నేను మెత్తిన సీల్ ముద్ద అవశేషాల్ని చూసి, నా వైపు ఓ చూపు చూశారు. ప్రాక్టికల్స్‌లో టెస్ట్‌ట్యూబు కడగని విద్యార్థుల్ని చూసే చూపు. ఆ చూపు ఆయన ముఖంలో మళ్ళీ చూస్తాననుకోలేదు.

"అదే" అన్నారు, గాల్లో ఏదో గీస్తున్నట్టు చెయ్యి ఆడించి.

చాకు తెచ్చాను. కాదు. స్క్రూడ్రైవరు. కాదు. కొబ్బరికోరు దాకా తెచ్చాను. "అదే!" అని సీటు మీద గుద్దారు. నాకూ ఒళ్ళు మండింది. "నాకేం తెలుస్తుందండీ, నేనేమన్నా మీ ల్యాబ్ అటెండర్నా!" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని కాస్సేపు ఆగి, ఎడమచేత్తో తన చెంప మీద పైనించి కిందకి నెమ్మదిగా గీశారు. గడ్డం. షేవింగ్ బ్లేడు. పరిగెత్తుకెళ్ళి తెచ్చాను. బిళ్ళ నేను గీకాను, ఆయన చూశారు. తర్వాత ఉప్పు కాగితం అర్థమవడానికి ఇంకో పావుగంట పట్టింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, తన కుడిచెయ్యి మీద సూది గుచ్చినట్టు చూపించారు. ఇది మాత్రం వెంటనే అందింది. ఇంజెక్షనుకి ముందు దూదితో రాసే స్పిరిట్. గాజు లోపలివైపు దానితో తుడవమన్నారు. తుడిచాను. మళ్ళీ చూపించారు. మళ్ళీ తుడిచాను. మూడోసారి కూడా తుడిచాక తల ఊపారు.

ఇంక బిళ్ళ ఎక్కడ పెట్టాలన్నది తేలాలి. గాజు శుభ్రం చేశాక పాత మచ్చ కూడా పోయింది. బయటివైపు గుర్తు పెట్టుకుంటే లోపల ఆ గుర్తుకి ఎదురుగా బిళ్ళ అంటించుకోవచ్చు. సుద్దముక్కతో గీశాను, గాజు మీద పడలేదు. పెన్ను పడలేదు. "ఏం చేద్దామండీ?" అంటూ ఆయన సీటు వైపు వంగాను.

ఆయన చెయ్యి చాచి నా నుదురు ముట్టుకున్నారు.

నేను అలాగే ఉండిపోయాను. ఈ తొమ్మిది నెలల్లో ఆయన్ని నేను తుడిచాను, తినిపించాను, తిప్పి పడుకోబెట్టాను. ఆయనంతట ఆయన నా ముఖం మీద చెయ్యి వెయ్యడం ఇదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన మాత్రం విసుగ్గా "అదే" అంటూ నా నుదుటి మీద గోటితో గీకారు. అప్పుడు అర్థమైంది. స్టిక్కరు బొట్టు! ఏడుస్తున్నదాన్ని నవ్వొచ్చేసింది. బొట్టు తీసి గాజు బయట అంటించాను. లోపలినించి చూసి, కాస్త ఎడమకి, కాస్త పైకి అంటూ చెయ్యి చూపించి, ఆఖరికి ఆపమన్నారు.

మొదటి గొట్టంలోది గాజుకి రాసి ఆరనిచ్చాను. రెండోదాంట్లోది బిళ్ళ మీద ఒక్క చుక్క. డ్రైవరు సీట్లో మోకాళ్ళ మీద నిలబడి, బిళ్ళని బొట్టుకి ఎదురుగా పెట్టి, బొటనవేలితో అదిమాను. కదపకుండా ఒక నిమిషం నొక్కి పట్టాలని అట్ట మీద ఉంది. గడియారం లోపల బల్ల మీద మర్చిపోయాను.

"అరవై దాకా లెక్కపెడతానండీ" అన్నాను. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

అయిదు దగ్గర వెనకనించి ఇంకో గొంతు కలిసింది. ముందు మూలుగులా ఉంది. నొప్పేమో అనుకున్నాను. ఏడు దగ్గర స్పష్టంగా "ఏడు" అని వినపడింది. నా నోరు ఎనిమిది అంది గానీ నాకు వినపడింది ఆయన ఎనిమిదే. తొమ్మిది దగ్గర నేను ఆగిపోయాను.

ఆయన ఆగలేదు. "పది. పదకొండు. పన్నెండు."

అదే గొంతు. కాస్త బొంగురుపోయింది, కాస్త నెమ్మది. కానీ వరండాలో కూర్చుని ఇత్తడి చెంబు సంగతి చెప్పిన గొంతు అదే. నాకు వెనక్కి తిరగాలని ఉంది. వేలు తీస్తే బిళ్ళ జారుతుంది, పొద్దుటినించీ చేసిన పనంతా పాడవుతుంది. ఆయనకది ఇష్టముండదు. వేలు తియ్యలేదు. కళ్ళు మూసుకుని విన్నాను. ఇరవై అన్నారు. ఇరవై ఎనిమిది దగ్గర తడబడి, "ఇర... ఇర..." అని ఆగారు. "ఇరవై..." అని నేను అందించాను. "ఇరవై ఎనిమిది" అని అందుకుని సాగిపోయారు. కళ్ళు తెరిస్తే, పక్కింటావిడ ముగ్గు వేస్తూ తలెత్తి మా వైపు చూడ్డం గాజులోంచి కనపడింది.

అరవై అయింది. నేను ఆపమనలేదు. ఆయనా ఆపలేదు. డెబ్భై, ఎనభై. బొటనవేలు తిమ్మిరెక్కింది. తొంభై తొమ్మిది తర్వాత "వంద" అని, పెద్దగా ఊపిరి వదిలారు.

అప్పుడు తిరిగాను. ఆయన ముఖం నిండా చెమట, కళ్ళు చిన్నపిల్లల కళ్ళలా మెరుస్తున్నాయి.

"మాట్లాడారండీ! ఏమండీ, మాట్లాడారు! నన్ను పిలవండి. ఏదీ, ఏమోయ్ అనండి."

నోరు తెరిచారు. పెదవులు కదిలాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"అదే" అన్నారు.

మంగళవారం ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి పరుగుపరుగున వెళ్ళి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మీరు ఆశ పెట్టుకుంటారని చెబుతున్నానమ్మా. అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పుడు కంఠతా పట్టినవి, ఇవి వేరే దారిలో వస్తాయి. వరస అందుకుంటే వాటంతట అవి దొర్లుకుంటూ వచ్చేస్తాయి. మాట్లాడ్డం వేరు" అన్నారు. దయగానే చెప్పారు. బయటకొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇంత దూరం తీసుకొచ్చి గుమ్మం ముందు తలుపు వేసేసినట్టు అనిపించింది.

మావారికి మాత్రం ఆ దిగులేమీ లేదు. తిరిగొస్తుంటే వంతెన మీద, మంగళవారం బుధవారం గురువారం అని ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టారు. మర్నాడు మూలకాల వరసలో నేను "హైడ్రోజన్" అని అందిస్తే హీలియం, లిథియం అంటూ కాల్షియం దాకా ఆగకుండా చెప్పారు. నాకు తెలిసింది హైడ్రోజన్ ఒక్కటే. తప్పులున్నా పట్టుకోలేను.

ఉపాయం తట్టింది నాకే. ఒక్కో అవసరానికి ఒక్కో అంకె. ఒకటైతే దాహం. రెండు బాత్రూము. మూడు కాలు నొప్పి. నాలుగు జారిపోతున్నాను. ఐదు ఫ్యాను. ఆరు ఆకలి. ఏడు నెమ్మదిగా పోనివ్వు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయన ముందు పెట్టాను. చిక్కేంటంటే ఆయన నాలుగు అని నేరుగా అనలేరు. ఒకటి దగ్గర మొదలుపెట్టి నాలుగు దగ్గర ఆగాలి. ఆగడమే కష్టం. మొదట్లో నాలుగు దాటి పదికి పోయి, తనమీద తనకే కోపమొచ్చి తల కొట్టుకునేవారు. నెలపైన పట్టింది, కావలసినచోట ఆగడానికి. ఆగగలిగాక మాత్రం వెనకనించి "ఒకటి, రెండు, మూడు" అని వినపడి గొంతు ఆగిపోతే చాలు, కాలు నొప్పి అని తెలిసిపోయేది. ఆయన ముఖం చూడనక్కర్లేదు. డ్రైవింగ్ మాస్టారు చెప్పినట్టు అద్దంలోకి రోడ్డుని తెచ్చుకున్నాను. ఆ అద్దం మళ్ళీ ఊడలేదు. ఆ కారు మేం అమ్మేసేదాకా అలాగే అతుక్కుని ఉంది, బయట అంటించిన బొట్టు మాత్రం తొలి వానకే కొట్టుకుపోయింది.

పుష్కరాల రద్దీ అంతా సద్దుమణిగాక ఓ సాయంత్రం రాజమండ్రినించి వస్తున్నాం. వంతెన దిగి కొవ్వూరులోకి తిరుగుతుండగా వెనకనించి లెక్క మొదలైంది. నేను వింటున్నాను. ఐదు, ఆరు, ఏడు. నెమ్మదించాను. "ఎనిమిది" అని ఆగారు.

"ఏడే కదండీ ఉన్నవి?" అన్నాను. "దాటిపోయారు. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ ఒకటినించి చెప్పారు. మళ్ళీ ఎనిమిది దగ్గరే ఆగారు. ఈసారి గట్టిగా, ఖచ్చితంగా.

బండి పక్కకి ఆపి తిరిగాను. "ఎనిమిది ఏంటండీ?"

ఆయన కిటికీ వైపు చెయ్యి చూపించారు. అటు రేవు, రేవు అవతల గోదావరి. ఎర్రనీళ్ళు తేరుకుని అప్పుడప్పుడే మామూలు రంగుకి వస్తున్నాయి. ఓ పడవ అవతలి ఒడ్డుకి పోతోంది. నాకు చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. ఏమీ కావాలని కాదు. కాస్సేపు ఆగమని. ఊరికే చూద్దామని.

నేను రాసిన ఏడింట్లో ఒక్కటీ ఇలాంటిది లేదు. ఆయనకి దాహం వేస్తుందనీ, నొప్పి పుడుతుందనీ గుర్తుపెట్టుకున్నాను గానీ, ఏటి ఒడ్డున ఊరికే ఆగాలనిపిస్తుందని తట్టలేదు.

కారు రేవు దగ్గరికి పోనిచ్చి, ఆయన వైపు కిటికీ అద్దం దించాను. గాలి చల్లగా కొట్టింది. బండి దిగి, రేవులో అమ్ముతున్న ముంతకింద పప్పు పొట్లం కట్టించుకుని, వెనక తలుపు తీసి ఆయన కాలి పక్కన మిగిలిన కాస్త చోటులో కూర్చున్నాను. ఎడమచేత్తో ఒక్కో గింజా తీసుకుని తింటూ ఆయన పడవ వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం.

ఇంటికొచ్చాక కాగితం మీద ఎనిమిదో అంకె వేసి, పక్కన ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. తర్వాత రెండు మూడేళ్ళలో ఆయనకి "నీళ్ళు" వచ్చింది, "వద్దు" వచ్చింది, ఓ దసరా రోజున "ఏమోయ్" కూడా వచ్చింది. వాక్యం మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ కారులో నేను ఎక్కువగా విన్న అంకె మాత్రం ఎనిమిదే.